టాప్ ఆఫ్ ది పాప్స్‌లో అంత గొప్ప ఏముందో ఎవరైనా చెప్పండి

కొత్తచెవులు
ఈ మధ్య రాత్రిళ్లు యూట్యూబ్‌లో బీబీసీ వాళ్ల టాప్ ఆఫ్ ది పాప్స్, అదే ఆ వారం హిట్టు పాటలు వేసే టీవీ ప్రోగ్రాం, పాత ఎపిసోడ్లు వరసపెట్టి చూస్తున్నాను. ఇంగ్లండ్‌లో పెరిగిన మా కజిన్స్ ఈ ప్రోగ్రాం పేరెత్తితే చాలు, ఎక్కడికో వెళ్లిపోతారు. నాకు మాత్రం విసుగొస్తోంది. ఎలక్ట్రిక్ గిటారుకి వైరే ఉండదు. డ్రమ్ము మీద కర్ర పడకముందే మోత వినిపిస్తుంది. యాంకర్ పక్కన నిలబెట్టిన అమ్మాయిలు ఎటు చూడాలో తెలియక నవ్వుతుంటారు. వెనక జనం పాట ఒక దారి, వాళ్లొక దారి. ఇది 42 ఏళ్లు ఎలా నడిచింది? చిన్ననాటి ముచ్చట అని కాకుండా అసలు కారణం చెప్పండి.

మాంచెస్టర్_మామ
అన్నేళ్లు నడుస్తుందని మొదలుపెట్టినవాళ్లే అనుకోలేదు అల్లుడూ. ఆరు వారాలు వేసి చూద్దామనుకున్నారు, అంతే. 1964 జనవరి 1న మొదటి ప్రసారం, లండన్ నుంచి కాదు, మా మాంచెస్టర్ నుంచి. రషోమ్‌లో డికెన్సన్ రోడ్డు మీద ఒక పాత చర్చిని స్టూడియోగా మార్చుకుని అందులోంచి చేశారు. రోలింగ్ స్టోన్స్ వచ్చారు, డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ వచ్చింది. ఆ వారం నంబర్ వన్ బీటిల్స్.

చిన్నక్షరం
చర్చిలో పుట్టింది కాబట్టే అందరూ పెదాలు మాత్రం కదిపి వెళ్లిపోయేవాళ్లు. ప్రార్థనకి వచ్చే సగం మంది చేసేదీ అదే.

గిటార్_గోపి
కొత్తచెవులు చెప్పింది అక్షరాలా నిజం. నేను స్టేజీ మీద వాయించేవాణ్ణి, నాకు ఇది చూస్తే ఒళ్లు మండుతుంది. దేశమంతా చూసే ప్రోగ్రాం, పాడినట్టు నటిస్తే సరిపోతుందా? వాయించడం వచ్చినవాడికీ రానివాడికీ తేడా ఎక్కడ తెలుస్తుంది? 1971లో రాడ్ స్టీవర్ట్ పాటకి మాండొలిన్ పట్టుకుని కూర్చున్నది జాన్ పీల్, రేడియోలో రికార్డులు వేసే పెద్దమనిషి. ఆయనకి మాండొలిన్ రాదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

లెస్టర్_లక్ష్మి
గోపీ, అక్కడ ఆయన మాండొలిన్ వాయిస్తున్నాడని నమ్మినవాళ్లు ఎవరు చెప్పు? ఆ పాటలో వాళ్లు స్టేజీ మీదే ఫుట్‌బాల్ ఆడుకున్నారు. అది నటన అని చూసేవాళ్లకి తెలుసు, అందులోనే సరదా.

కొత్తచెవులు, మీరు ఒంటరిగా, అర్ధరాత్రి, మీకు నచ్చినప్పుడు ఆపుతూ చూస్తున్నారు. అది అలా చూసే ప్రోగ్రాం కాదు. 1982 చివరిదాకా ఇంగ్లండ్‌లో ఉన్నవి మూడే చానళ్లు. ఇంట్లో ఒకటే టీవీ. గురువారం సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి ఆ కుర్చీలోనే కూర్చునేవారు. ఆయనకి ఘంటసాల తర్వాత పాటే లేదు. అయినా లేచి వెళ్లేవారు కాదు, అరగంటా తిడుతూ చూసేవారు. అక్కకి నచ్చేది నాకు నచ్చదు, నాకు నచ్చేది ఎవరికీ నచ్చదు. భోజనాల బంతిలో కూర్చున్నాక వడ్డించిందల్లా విస్తట్లో పడాల్సిందే కదా, అలాగన్నమాట. మర్నాడు బళ్లో మాటంతా రాత్రి ఎవరొచ్చారు, ఏం వేసుకున్నారు, ఎవరు ఎక్కారు, ఎవరు పోయారు. చూడకపోతే ఆ పూట మాట్లాడటానికి మనకేం ఉండేది కాదు.

నేను క్యాసెట్ రికార్డర్ మైకుని టీవీ స్పీకరుకి ఆనించి పాటలు ఎక్కించుకునేదాన్ని. ఇంట్లో అందరూ నోరు మూసుకోవాలని రూలు. 1982లో బాయ్ జార్జ్ మొదటిసారి వచ్చిన రోజు టేపు ఇప్పటికీ నా దగ్గరుంది. పాట మొదలైన కాసేపటికి నాన్న గొంతు: "ఎవరే ఈ పిల్ల? బాగానే పాడుతోంది." అమ్మ: "పిల్లాడండీ." తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. మిగతా పాటంతా నాన్న ఏమీ అనలేదు, దగ్గు తప్ప.

చిన్నక్షరం
ఆ దగ్గే హిట్టు.

డప్పు_దరువు
అక్కా, ఆ టేపు ఎక్కించి పెట్టండి ప్లీజ్. పాట అక్కర్లేదు, మీ నాన్నగారు చాలు.

పాతరికార్డు
మైమింగ్, అంటే పాడినట్టు నటించడం గురించి ఇంత కోపం వద్దు గోపి గారూ, దాని వెనక కథ ఉంది. మొదటి రెండేళ్లు రికార్డు వేసి పెదాలు కదిపించేవాళ్లు. సంగీతకారుల యూనియన్ ఒప్పుకోలేదు. రికార్డు తిప్పితే వాయించేవాడికి పని ఎక్కడుంటుంది అని వాళ్ల వాదన, న్యాయమే. 1966 నుంచి రూలు మారింది. జనం కొనుక్కునే రికార్డుకి పెదాలు కదపడానికి వీల్లేదు. స్టూడియో ఆర్కెస్ట్రాతో పాడాలి, లేదా ప్రోగ్రాం కోసం ఆ పాటని మళ్లీ కొత్తగా రికార్డు చేసి తేవాలి.

నెలల తరబడి చెక్కిన రికార్డుని ఒక్క పూటలో మళ్లీ చేయమంటే ఎవరి తరం? అందుకని యూనియన్ మనిషిని ఎవరో ఒకరు మందు తాగించడానికి బయటికి తీసుకెళ్లేవారట. ఆయన తిరిగొచ్చేసరికి "అయిపోయింది సార్" అని అసలు రికార్డు టేపే చేతిలో పెట్టేవారట. ఆ రోజుల బ్యాండ్ల వాళ్లు ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పుకునే కథే ఇది.

గిటార్_గోపి
అంటే మోసం మీద మోసం. నా మాటకి మీరే సాక్ష్యం తెచ్చారు.

పాతరికార్డు
సాక్ష్యం రెండువైపులా ఉంది. రూలు పాటించి ఆర్కెస్ట్రాతో పాడినవి విన్నారా? రాక్ పాటకి పెళ్లి బ్యాండు వాయించినట్టు ఉండేవి కొన్ని. వాటికన్నా మైమింగే నయం.

డప్పు_దరువు
మైమింగ్ వికటిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే 1988లో ఆల్ అబౌట్ ఈవ్ అనే బ్యాండు వచ్చిన ఎపిసోడ్ వెతకండి. గాయని జూలియాన్ రీగన్ స్టూలు మీద కూర్చుంది. పాట ఇంట్లో చూసేవాళ్లకి వినిపిస్తోంది, స్టూడియోలో ఆమెకి మాత్రం వినిపించడం లేదు. పాపం, ఇంకా మొదలవ్వలేదనుకుని అలా చూస్తూ కూర్చుంది. టీవీలో ఆమె గొంతు పాడుతోంది, తెర మీద ఆమె నోరు మూసే ఉంది. మరుసటి వారం మళ్లీ పిలిచారు, ఈసారి నిజంగానే పాడింది.

కొత్తచెవులు
ఇప్పుడే చూశాను. కడుపులో తిప్పింది. ఆమె పక్కన గిటారిస్టు మొహం చూశారా?

గిటార్_గోపి
రాక్ బ్యాండు నిర్వాణా వాళ్లది కూడా చూడు. 1991. అప్పటికి రూలు మళ్లీ మార్చారు, వెనక సంగీతం టేపు మీద, గొంతు మాత్రం లైవ్. వాళ్ల గాయకుడు కర్ట్ కొబైన్ గొంతు బాగా కిందికి దించి, ఏదో శోకగీతంలాగా పాడాడు. గిటారు మీద చెయ్యి ఆడించాడే గానీ తీగ తాకించలేదు. మీ పద్ధతి ఇంత దండగ అని వాళ్ల స్టూడియోలో నిలబడి వాళ్లకే చూపించాడు. నా గౌరవమంతా ఆయనకే.

లెస్టర్_లక్ష్మి
అదే నేననేది! ఆ పద్ధతి లేకపోతే ఆయన ఎగతాళి చేయడానికి ఏం ఉండేది? 30 ఏళ్లు దాటినా నువ్వు ఆ మూడు నిమిషాల గురించే మాట్లాడుతున్నావు.

సుజాత_కె
కొత్తచెవులు అడిగిన అసలు ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు. ఎందుకు నడిచింది? మైమింగ్ చేసే ప్రోగ్రాములు ప్రపంచమంతా ఉన్నాయి కదా.

పాతరికార్డు
రూలు వల్ల నడిచింది. నేనైతే అదే చెప్తాను. ఆ వారం చార్టులో, అంటే రికార్డుల అమ్మకాల లిస్టులో, పైకి ఎక్కుతున్న పాటకే చోటు. కిందికి దిగిపోతున్నది ఎంత పెద్దవాళ్లదైనా వేయరు. ఈ వారం వేసింది వచ్చే వారం వేయరు, నంబర్ వన్ అయితే తప్ప. చివర్లో నంబర్ వన్ తప్పనిసరి. ఇంతే. నిర్మాతకి నచ్చడం నచ్చకపోవడంతో సంబంధం తక్కువ. దాంతో ఒకే అరగంటలో పంక్ బ్యాండు, వెనకే పిల్లల బృందగానం, ఆ వెనక డిస్కో, దాని వెనక ఎవరో తాతగారి ప్రేమగీతం. ఈ వరస ఏ సంగీత పండితుడూ కూర్చడు. జనం దుకాణాల్లో ఏం కొన్నారో అది కూర్చింది.

చార్టు తయారీ కూడా చూడండి. మొదట్లో బీబీసీ సొంతంగా చేసింది ఏమీ లేదు, సంగీత పత్రికల లిస్టులన్నీ కలిపి సగటు తీసేది. దాంతో 1968 ఆగస్టులో ఒకసారి మూడు పాటలు ఒకేసారి నంబర్ వన్ అయి కూర్చున్నాయి! పరువు పోయింది. 1969 నుంచి సర్వే సంస్థకి అప్పగించారు. కొన్ని వందల దుకాణాల వాళ్లు అమ్మిన ప్రతి రికార్డు నంబరూ డైరీలో చేత్తో రాసి పోస్టులో పంపేవారు. మంగళవారం మధ్యాహ్నం రేడియోలో చార్టు ప్రకటన, గురువారం టీవీలో పాటలు.

చిన్నక్షరం
ఏ దుకాణం డైరీ రాస్తుందో కంపెనీలకి తెలియకుండా ఉంటుందా?

పాతరికార్డు
తెలిసేది. ఆ దుకాణాలకి మనుషుల్ని పంపి తమ రికార్డు తామే కొనిపించేవాళ్లు. దాని మీద బోలెడు గొడవలు జరిగాయి. 1983లో కంప్యూటర్లతో లెక్క మొదలయ్యాక కొంత తగ్గింది.

గిటార్_గోపి
"జనం కొన్నది కూర్చింది" అన్నారు. మరి 1977లో పంక్ బ్యాండు సెక్స్ పిస్టల్స్ రాణి మీద పాడింది నంబర్ 2 దాకా వెళ్తే ఎందుకు వేయలేదు? 1984లో ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ అనే బ్యాండు పాట బూతు అని బీబీసీ నిషేధించింది. అది ఐదు వారాలు నంబర్ వన్. ప్రోగ్రాం చివర్లో నంబర్ వన్ తప్పనిసరి అన్నారుగా, ఆ ఐదు వారాలూ ఏం చేశారు?

మాంచెస్టర్_మామ
నంబర్ వన్ ఇది అని పేరు చెప్పి వేరే పాట వేశారు. చూసి నవ్వుకున్నాం. నిషేధించకపోతే అది అన్ని వారాలు ఉండేది కాదు. చెయ్యొద్దంటే కొనరా పిల్లలు? ఏడాది చివర క్రిస్మస్ ఎపిసోడ్‌కి మాత్రం అదే బ్యాండుని పిలిచి అదే పాట పాడించారు. ఆపాటికి బూతు కాస్తా సంప్రదాయమైపోయింది.

వాన_లండన్
మనవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1967లో బీటిల్స్ పాటని నంబర్ వన్ కాకుండా ఆపిన గాయకుడు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పుట్టింది మన మద్రాసులో. ఈ ప్రోగ్రాంలో అందరికన్నా ఎక్కువసార్లు కనిపించిన క్లిఫ్ రిచర్డ్ పుట్టింది లక్నోలో. 1997లో ఇంట్లో కూర్చుని చేసిన పాటతో నంబర్ వన్ కొట్టిన వైట్ టౌన్, అంటే జ్యోతి మిశ్రా, పుట్టింది రూర్కెలాలో. మరుసటి ఏడాది కార్నర్‌షాప్ వాళ్లు ఏకంగా ఆశా భోస్లే మీద పాట కట్టి నంబర్ వన్ అయ్యారు.

మాంచెస్టర్_మామ
హంపర్‌డింక్ మద్రాసువాడా! చెప్పవేం ఇన్నాళ్లూ. మా ఆవిడకి ఆయనంటే ప్రాణం. ఇప్పుడు ఇంకా ఎక్కువవుతుంది.

లెస్టర్_లక్ష్మి
1982లోనే షీలా చంద్ర చీర కట్టుకుని, సితారు మోతతో వచ్చింది, మాన్‌సూన్ అనే బ్యాండు. పాట 12వ స్థానం దాకా వెళ్లింది. అప్పట్లో మేం బస్సులో వెళ్తుంటే అమ్మ చీర చూసి ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవాళ్లు. మర్నాడు బళ్లో ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి చీర ఎలా కడతారని అడిగింది. ఎప్పుడూ నాతో మాట్లాడని పిల్ల. నాకు అప్పటికి చీర కట్టుకోవడం రాదు. అయినా పెద్ద ఆరిందాలాగా అంతా చేతులు తిప్పుతూ చెప్పాను.

డప్పు_దరువు
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇది నంబర్ వన్. రూలు ప్రకారం వచ్చే వారం మళ్లీ చెప్పొచ్చు.

సుజాత_కె
సరదా మధ్యలో ఇది చెప్పక తప్పదు. ఆ మొదటి ఎపిసోడ్ యాంకర్ జిమ్మీ సావిల్. 2011లో చనిపోయాక, మరుసటి ఏడాది బయటపడింది, దశాబ్దాల తరబడి ఎంతమంది పిల్లల మీద లైంగిక అత్యాచారాలు చేశాడో. 2016లో వచ్చిన విచారణ నివేదికలో ఈ ప్రోగ్రాం స్టూడియో ప్రస్తావన కూడా ఉంది. కొత్తచెవులు మొదటి పోస్టులో "యాంకర్ పక్కన అమ్మాయిలు ఎటు చూడాలో తెలియక నవ్వుతుంటారు" అన్నారు. నాకు అవి చూడాలంటేనే భయం. ఆ పిల్లలు పదిహేను, పదహారేళ్ల వాళ్లు.

పాతరికార్డు
నిజమే. బీబీసీ ఫోర్ చానల్ 2011 నుంచి పాత ఎపిసోడ్లు 1976 మొదలుకుని వరసగా వేస్తోంది, సావిల్ ఉన్నవి ఆ తర్వాత దాటేసింది. అందుకే మధ్యమధ్య వారాలు ఎగిరిపోయినట్టుంటాయి.

గిటార్_గోపి
దాటేయడం నాకు నచ్చలేదు. ఆ వారం పాడిన మిగతా పది మంది ఏం తప్పు చేశారు? యాంకర్ ముక్కలు కత్తిరించి పాటలు వేయొచ్చుగా.

సుజాత_కె
వాడి చేతిలో నలిగినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు గోపి గారూ. ఏదో పాట కోసం టీవీ పెడితే వాడి మొహం ఎదురుపడకూడదు. దానికి పది పాటలు పోతే పోనివ్వండి.

గిటార్_గోపి
మొహం వద్దనే నేనూ అంటున్నది. పాటలు వేరు. ఇక్కడ మనకి కుదరదు, వదిలేద్దాం.

పాతరికార్డు
పోయిన ఎపిసోడ్ల మాట వచ్చింది కాబట్టి, 1960ల నాటివి దాదాపు అన్నీ బీబీసీయే చేతులారా చెరిపేసింది. టేపు ఖరీదు, పాప్ పాట ఎవడు మళ్లీ చూస్తాడు అనే ధోరణి. బీటిల్స్ ఈ ప్రోగ్రాం స్టూడియోకి వచ్చి పాడింది ఒక్కసారే, 1966 జూన్ 16న. అదీ చెరిపేశారు. 2019లో దానిలో కొన్ని సెకన్లు దొరికాయి, ఎలాగంటే ఎవరో ఇంట్లో టీవీ ముందు చిన్న సినిమా కెమెరా పెట్టి తీసుకున్న మూగ ఫిల్ము అది.

లెస్టర్_లక్ష్మి
మైకు ఆనించిన దాన్ని నేనొక్కదాన్నే కాదన్నమాట.

చిన్నక్షరం
బీబీసీ వాళ్లు రేపో మాపో మీ నాన్నగారి దగ్గు కోసం వస్తారు.

మాంచెస్టర్_మామ
డాన్సు అమ్మాయిల మాటేదీ? పాడేవాళ్లు స్టూడియోకి రాలేకపోతే పాన్స్ పీపుల్ అనే బృందం ఆ పాటకి డాన్సు చేసేది. పాటలో మాటకి మాట అభినయం. 1973లో ఒక పాటలో కుక్క అని వస్తే నిజం కుక్కల్నే తెచ్చి కూర్చోబెట్టారు. పాపం అవి బెదిరిపోయి అటూ ఇటూ చూస్తుంటాయి. మా తరం నాన్నలు లక్ష్మిగారి నాన్నగారిలాగా ఊరికే తిడుతూ కూర్చోలేదమ్మా, ఈ డాన్సు కోసం కూర్చునేవాళ్లు. ఆ నిజం ఎవడూ ఒప్పుకోడు.

లెస్టర్_లక్ష్మి
మామయ్యా!!

పాతరికార్డు
ఆ డాన్సు తప్పించుకోవడమూ ఒక కారణమే, 1975లో క్వీన్ బ్యాండు వాళ్లు తమ పెద్ద పాటకి సొంతంగా వీడియో తీసి పంపడానికి. ఆ పాటకి స్టూడియోలో పెదాలు కదిపితే నవ్వులపాలవుతామని వాళ్ల భయం, పైగా టూర్‌లో ఉన్నారు. అది తొమ్మిది వారాలు నంబర్ వన్. అక్కణ్నుంచి అందరూ వీడియోలు పంపడం మొదలెట్టారు.

కొత్తచెవులు
అంటే చివరికి ఈ ప్రోగ్రాంని చంపింది వీడియోలే అన్నమాట?

వాన_లండన్
ఒక్కటే కాదు. నేను చదువుకోవడానికి వచ్చేసరికి అది కొన ఊపిరితో ఉంది. 1979లో పోటీ చానల్ ఐటీవీ సమ్మెలో ఉన్నప్పుడు దాదాపు 1.9 కోట్ల మంది చూశారట. నేను చూసే నాటికి ఆ లెక్క పది లక్షల చిల్లర. 1996లో గురువారం నుంచి శుక్రవారానికి మార్చి, జనం వదలకుండా చూసే కోరొనేషన్ స్ట్రీట్ సీరియల్‌కి ఎదురుగా పెట్టారు. 2005లో ఆదివారం బీబీసీ టూకి నెట్టారు. 2006 జులై 30న ఆఖరి వారం. మా హాస్టల్ కామన్ రూంలో నేనూ, ఇస్త్రీ చేసుకుంటున్న ఇంకొకడూ చూశాం. ఆ వారం నంబర్ వన్ షకీరా. వాడు ఇస్త్రీ అయిపోగానే మధ్యలో వెళ్లిపోయాడు.

ఇంకోటి. 90ల చివరికొచ్చేసరికి పాటలన్నీ రిలీజైన వారమే పైకి దూకి, మరుసటి వారం దిగిపోయేవి. ఎక్కే పాటకే చోటు అన్న రూలుకి పని లేకుండా పోయింది. 35 నుంచి 19కి, 19 నుంచి 6కి, మనవాడు ఎక్కుతున్నాడా అని కాచుకుని చూడటం పోయింది.

పాతరికార్డు
ఈ చివరి ముక్క నేను చెప్పాల్సింది. నా రూలు పోస్టుకి ఇదే రెండో సగం.

గిటార్_గోపి
జులై 2006 నాకు పండగ రోజు.

డప్పు_దరువు
గోపి అన్న ఇంటి గోడ మీద కొబైన్ ఫొటో, కింద ఆ తేదీ.

కొత్తచెవులు
సరే. మైమింగ్ విషయంలో నేను గోపి పక్షమే, అక్కడ కదలను. కానీ విడివిడి పాటలు కాకుండా ఒక పూర్తి ఎపిసోడ్, మధ్యలో ఆపకుండా, ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చూడాలనిపిస్తోంది. ఏ ఏడాదిది పెట్టను?

లెస్టర్_లక్ష్మి
1982. ఇంకో మాట లేదు.

పాతరికార్డు
1979. పంక్, డిస్కో, సింథసైజరు, ముసలి గాయకులు, అన్నీ ఒకే అరగంటలో దొరుకుతాయి.

సుజాత_కె
ఏదైనా పెట్టండి, ముందు యాంకర్ ఎవరో చూసుకుని పెట్టండి.

గిటార్_గోపి
1995 ఓయాసిస్ బ్యాండు. అన్నదమ్ములిద్దరూ చోట్లు మార్చుకుని, పాడేవాడు గిటారు పట్టుకుని, గిటారువాడు పాడుతున్నట్టు నటించారు.

మాంచెస్టర్_మామ
మా ఊరి కుర్రాళ్లే! చూశావా, నీకూ ఒక మైమింగ్ నచ్చింది.

గిటార్_గోపి
అది మైమింగ్ కాదు మామా, నిరసన.

చిన్నక్షరం
కొత్తచెవులు, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే రికార్డర్ ఆన్ చేసి పెట్టండి.